నాటో నేతలు బయట తగవులాడతారు, ప్రకటనలో ఒక్కటంటారు: ఏ మాట నమ్మాలి?

మీ ప్రశ్న చాలామంది మనసులో ఉన్నదే. చదివేవాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీరు పోలండ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. 2025 సెప్టెంబరు 9వ తేదీ రాత్రి, తెల్లవారితే 10 అనగా, రష్యా డ్రోన్లు ఇరవై దాకా పోలండ్ గగనతలంలోకి చొరబడ్డాయి. పోలండ్ వెంటనే, అమెరికా, కెనడా, యూరప్ దేశాల సైనిక కూటమి అయిన నాటో ఒప్పందంలోని 4వ అధికరణం (ముప్పుందనుకున్న సభ్యదేశం మిగతావాళ్లను చర్చకు పిలిచే హక్కు) కింద చర్చలు కోరింది. 11వ తేదీన అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అది పొరపాటున జరిగి ఉండొచ్చన్నారు. అది పొరపాటైతే బాగుండునని తమకూ ఉందని, కానీ కాదని, ఆ సంగతి తమకు తెలుసని పోలండ్ ప్రధాని టస్క్ బహిరంగంగానే బదులిచ్చారు. ఇలా ఒకరి మాటను ఒకరు కాదనుకునే దేశాలు సదస్సుకు వచ్చేసరికి అంతా ఒక్కటేనని ప్రకటన ఎలా ఇస్తాయి, అందులో ఏది నమ్మాలి, కూటమి నిజంగా నిలబడుతుందా అని అడిగారు.

పత్రికలో అంతర్జాతీయ వార్తల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. నాటో ప్రకటనలు వచ్చినప్పుడల్లా వాటిని చదివి, తెలుగు చేసి, ఇందులో కొత్తదేమిటో నాలుగు వాక్యాల్లో చెప్పడం నా పని. ఆ అనుభవం మీద చెబుతున్నాను: వేదిక మీది తగవూ నిజమే, ప్రకటనలోని ఐక్యతా నిజమే. కూటమి గురించి మాట్లాడే నేత ఎదుట ఒకేసారి ముగ్గురు శ్రోతలుంటారు. సొంత దేశపు ఓటరు ఒకరు, మిత్రదేశపు ప్రభుత్వం ఒకరు, అవతల చెవి ఒగ్గి వింటున్న శత్రువు ఒకరు. ఓటరుకు 'మన డబ్బు వృథా కానివ్వను' అని చెప్పాలి. మిత్రుడికి 'నీ వంతు నువ్వు చెయ్యి' అని చెప్పాలి. శత్రువుకు 'ఒకరి మీద చెయ్యేస్తే అందరం వస్తాం' అని చెప్పాలి. ఈ మూడూ ఒక్క వాక్యంలో ఇమడవు. ఏ మాట ఎవరికోసం అన్నదో పోల్చుకోవడం వస్తే సగం అయోమయం తీరుతుంది.

ముందు ఒప్పందం దగ్గరికి వెళ్దాం. 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం చేసిన ఆ ఒప్పందం చాలా చిన్నది, మొత్తం 14 అధికరణాలు. టీవీల్లో 5వ అధికరణం గురించి 'ఒకరిపై దాడి అందరిపై దాడి' అని చెప్పి ఆపేస్తారు. ఆ తర్వాతి భాగమే అసలు కీలకం. అలాంటి దాడి జరిగితే ప్రతి సభ్యదేశమూ, సాయుధ బలాన్ని ఉపయోగించడంతో సహా, 'తాను అవసరమని భావించిన చర్య' తీసుకుని సాయపడాలని అందులో ఉంది. ఏది అవసరమో నిర్ణయించుకునేది ఆ దేశమే. ఈ వెసులుబాటు ఏమరుపాటున వచ్చింది కాదు. యుద్ధం ప్రకటించే అధికారం తమదేనని అమెరికా సెనేట్ పట్టుబట్టడం వల్ల వచ్చింది. 11వ అధికరణంలో ప్రతి దేశమూ తన రాజ్యాంగ ప్రక్రియ ప్రకారమే ఈ ఒప్పందాన్ని అమలు చేస్తుందన్న షరతు కూడా అందుకే చేరింది. అలా రాసుకున్నాకే 1949 జులైలో సెనేట్ 82–13 ఓట్లతో ఆమోదించింది.

అంటే ఒప్పందం కాగితం మీద ఎవరి కాళ్లకూ బంధం వెయ్యదు. దాని బలమంతా 'వస్తారు' అని శత్రువు నమ్మడంలో ఉంది. అందుకే ఈ కూటమిలో మాటకు అంత విలువ. వేరే ఒప్పందాల్లో నేతలు ఏం మాట్లాడినా కాగితం మారదు. ఇక్కడ అలా కాదు. 2025 జూన్ 24న నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో నాటో సదస్సుకు వెళ్తూ విమానంలో ట్రంప్‌ను 5వ అధికరణానికి కట్టుబడి ఉన్నారా అని విలేకరులు అడిగితే, అది మీరిచ్చే నిర్వచనాన్ని బట్టి ఉంటుందని, దానికి చాలా నిర్వచనాలున్నాయని అన్నారు. చట్టం దృష్టితో చూస్తే ఆ మాటలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు, పైన చెప్పిన వెసులుబాటు ఉంది కదా. అయినా యూరప్ రాజధానుల్లో కలకలం రేగింది. ఒప్పందం ఎంత మెత్తగా రాశారో అందరికీ తెలుసు. ఆ సంగతి పైకి అనకపోవడం మీదే డెబ్బై అయిదేళ్లుగా భద్రత నిలబడింది. మరునాడు విడుదలైన ప్రకటనలో 5వ అధికరణం పట్ల తమ నిబద్ధతకు తిరుగులేదని మళ్లీ రాసుకున్నారు. అమెరికా కూడా అందుకు ఒప్పుకుంది.

ఇక ఆ ప్రకటనలు ఎలా తయారవుతాయో చూడాలి. నాటోలో ఓటింగ్ ఉండదు. బ్రస్సెల్స్‌లో 32 దేశాల రాయబారులు కూర్చునే మండలిలో అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. సొంత సైన్యమే లేని ఐస్‌లాండ్‌కూ, అమెరికాకూ అక్కడ ఒకే హోదా. ముసాయిదాను అందరికీ పంపి ఒక గడువు పెడతారు. ఆ గడువులోగా ఎవరూ అభ్యంతరం రాసి పంపకపోతే ఆమోదించినట్టే. దీన్ని మౌన పద్ధతి అంటారు. అభ్యంతరం పంపితే 'మౌనం భంగమైంది' అంటారు, ముసాయిదా మళ్లీ బల్ల మీదికి వస్తుంది.

ఇది బయటికి కనిపించిన సందర్భం 2003 ఫిబ్రవరి. ఇరాక్‌పై అమెరికా యుద్ధానికి సిద్ధమవుతోంది. పక్కనే ఉన్న టర్కీకి రక్షణగా నిఘా విమానాలు, పేట్రియాట్ వాయు రక్షణ క్షిపణులు పంపే ప్రణాళిక వేద్దామని ముసాయిదా వచ్చింది. ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం అడ్డుపడ్డాయి. టర్కీని కాపాడటం వాటికి ఇష్టం లేక కాదు. ఇప్పుడే ప్రణాళిక వేస్తే యుద్ధం తప్పదని ఒప్పుకున్నట్టవుతుందని వాటి వాదన. ఫిబ్రవరి 10న మౌనం భంగమైంది. అదే రోజు టర్కీ 4వ అధికరణాన్ని ఎత్తింది. వారం రోజులు ఆ మాటలూ ఈ మాటలూ అనుకున్నాక దారి దొరికింది. నాటో సైనిక వ్యవస్థ నుంచి 1966లోనే ఫ్రాన్స్ తప్పుకుంది కాబట్టి రక్షణ ప్రణాళిక సంఘంలో దానికి సభ్యత్వం లేదు. విషయాన్ని ఆ సంఘానికి మార్చారు, జర్మనీ, బెల్జియం ఒక మెట్టు దిగాయి, ఫిబ్రవరి 16న ఆమోదం వచ్చింది. ఇరాక్ యుద్ధం మంచిదా కాదా అన్న తగవు తీరలేదు, అది అలాగే ఉండిపోయింది. సభ్యదేశానికి రక్షణ మాత్రం వెళ్లింది. అప్పట్లో 'నాటో చీలింది' అని శీర్షికలు పెట్టారు. చీలలేదు. పెద్ద తగవును పక్కన పెట్టి చిన్న పని చేసుకోవడానికి ఆ సంస్థలో అరలు చాలా ఉన్నాయి. బయటి నుంచి చూసేవాళ్లు లెక్కలోకి తీసుకోనిది ఇదే.

డబ్బు గొడవకు వస్తాను. ఇక్కడే జనానికి ఎక్కువ అపోహ. నాటోను అందరూ నెలనెలా కట్టే చీటీలా ఊహించుకుంటారు, ఎవరో బాకీ పడ్డారు, అమెరికా వాళ్ల వంతు కూడా కడుతోంది అని. నేతల మాటల వల్లే ఆ అపోహ. ఉమ్మడి నిధి ఒకటి ఉంది గానీ అది చిన్నది. ప్రధాన కార్యాలయం, కమాండ్ కేంద్రాలు, కొన్ని ఉమ్మడి ఏర్పాట్ల కోసం ఏడాదికి కొన్ని వందల కోట్ల యూరోలు. 2024–25లో అందులో అమెరికా వాటా సుమారు 16 శాతం, జర్మనీ వాటా కూడా దాదాపు అంతే. తగవు దాని గురించి కాదు. ప్రతి దేశమూ తన సైన్యం మీద తాను పెట్టుకునే ఖర్చు గురించి. ఆ డబ్బు ఎవరికీ కట్టేది కాదు, దాని మీద బకాయి అన్నదే ఉండదు.

ఈ గొడవ ట్రంప్‌తో మొదలవలేదు. 1971లో మాన్స్‌ఫీల్డ్ అనే సెనేటర్ యూరప్‌లోని అమెరికా సైన్యాన్ని సగానికి తగ్గించాలని సవరణ తెచ్చారు, సెనేట్‌లో ఓడిపోయింది. 2011 జూన్‌లో పదవి దిగిపోతూ రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బ్రస్సెల్స్‌లో కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడారు. యూరప్ ఇలాగే ఉంటే కూటమి భవిష్యత్తు మసకబారుతుందని, అమెరికా చట్టసభలో ఓపిక నశిస్తోందని హెచ్చరించారు. ఆయన మాటను ఆ రోజు మర్యాదగా విని ఊరుకున్నారు. 2014లో రష్యా క్రిమియాను కలుపుకున్నాక వేల్స్ సదస్సులో జీడీపీలో 2 శాతం రక్షణకు ఖర్చు పెట్టాలన్న మాట ప్రకటనకు ఎక్కింది. అప్పుడు ఆ గీత దాటిన దేశాలు మూడే: అమెరికా, బ్రిటన్, గ్రీస్. మిగతావి పదేళ్లలో 2 శాతం 'దిశగా సాగేందుకు ప్రయత్నిస్తాయి' అని రాసుకున్నాయి. ఆ క్రియాపదం చూడండి. చేరతాం అనలేదు, చేరడానికి కట్టుబడ్డాం అని కూడా అనలేదు. జర్మనీ లాంటి దేశాల్లో సంకీర్ణ ప్రభుత్వాలు తమ పార్లమెంటులో చెప్పుకోగలిగిన మాట అంతవరకే. గెలిచిన మాట అదే.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక లెక్క మారింది. 2024 నాటికి ఇరవైకి పైగా దేశాలు 2 శాతం చేరాయి. 2025 హేగ్ సదస్సులో లక్ష్యం 2035 నాటికి 5 శాతమైంది: అందులో 3.5 శాతం నేరుగా సైన్యానికి, 1.5 శాతం రోడ్లు, వంతెనలు, సైబర్ రక్షణ వంటివాటికి. ఈ విభజన వెనుక బేరం స్పష్టంగా కనిపిస్తుంది. ట్రంప్‌కు 5 అనే అంకె కావాలి, యూరప్ ఆర్థిక మంత్రులకు అది మోయగలిగినట్టు ఉండాలి. ఎలాగూ వేయాల్సిన వంతెనలు కూడా లెక్కలోకి వచ్చేలా రెండు ముక్కలు చేశారు. నా దృష్టిలో ఇది మోసం కాదు. బరువైన ట్యాంకును మోయలేని వంతెన యుద్ధంలో నిజంగానే పెద్ద సమస్య. కానీ 5 శాతం అనగానే తుపాకులూ విమానాలే అనుకుంటే పొరబాటు.

ఆ సదస్సులోనే స్పెయిన్ సంగతి దగ్గరగా చూడదగ్గది. ప్రధాని సాంచెజ్ తమకు 2.1 శాతం చాలన్నారు. ఆయనది పార్లమెంటులో మెజారిటీ లేని ప్రభుత్వం, మద్దతిస్తున్న వామపక్షాలు సైనిక ఖర్చంటేనే మండిపడతాయి. ఏకాభిప్రాయం కావాలి కాబట్టి ఆయన్ను వదిలి ముందుకు పోలేరు. దౌత్యవేత్తలు ముసాయిదాలోని 'మేము కట్టుబడుతున్నాం' అన్న మాటను 'మిత్రదేశాలు కట్టుబడుతున్నాయి' అని మార్చారు. అంతే. 'మేము' అంటే 32 దేశాలూ లెక్క. 'మిత్రదేశాలు' అంటే అన్నీ కావాలని లేదని సాంచెజ్ మాడ్రిడ్‌లో చెప్పుకోవచ్చు. అందరూ ఒప్పుకున్నారని నాటో సెక్రటరీ జనరల్ రుట్టె హేగ్‌లో చెప్పుకోవచ్చు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం. ట్రంప్ మాత్రం వాణిజ్య సుంకాలతో స్పెయిన్ చేత రెట్టింపు కట్టిస్తానని విలేకరుల ముందే అన్నారు. అదే సమయంలో రుట్టె తనకు వ్యక్తిగతంగా పంపిన పొగడ్తల సందేశాన్ని ట్రంప్ సామాజిక మాధ్యమంలో పెట్టేశారు. తెరవెనుక మాట తెరముందుకు ఎలా వస్తుందో, దాన్ని కూడా రాజకీయంగా ఎలా వాడుకుంటారో అంతకంటే మంచి ఉదాహరణ ఈ మధ్య కనపడలేదు.

స్పెయిన్‌కు ఇది కొత్త కాదు. 1982 మేలో అక్కడి ప్రభుత్వం నాటోలో చేరింది. అప్పటి ప్రతిపక్షమైన సోషలిస్టు పార్టీ దాన్ని వ్యతిరేకించి, రెఫరెండం పెడతామని వాగ్దానం చేసి, అదే ఏడాది అక్టోబరులో గెలిచింది. అధికారంలోకి వచ్చాక ఆ పార్టీ ప్రధాని ఫెలిపె గొంజాలెజ్ అభిప్రాయం మారింది. వాగ్దానం ప్రకారం 1986 మార్చి 12న రెఫరెండం పెట్టారు గానీ, ఉండిపోదామని ఆయనే ప్రచారం చేశారు. బ్యాలెట్ మీద నాటో అన్న పేరు లేదు, 'అట్లాంటిక్ కూటమి' అని రాశారు. సైనిక కమాండ్‌లో చేరబోమని, తమ నేల మీద అణ్వాయుధాలు ఉండనివ్వబోమని, అమెరికా బలగాలను తగ్గిస్తామని షరతులు జోడించారు. జనం ఔనన్నారు. ఆ పార్టీ నాయకుడే హవియర్ సొలానా 1995లో నాటో సెక్రటరీ జనరల్ అయ్యారు. స్పెయిన్ పూర్తిగా సైనిక వ్యవస్థలో చేరింది మాత్రం 1999లోనే. ఓటరుకు చెప్పిన మాటకూ కూటమికి ఇచ్చిన మాటకూ మధ్య దూరాన్ని ఒక దేశం ఇలా ఏళ్ల తరబడి, మెట్టు మెట్టుగా తగ్గించుకుంది.

డెన్మార్క్ మరో దారి పట్టింది. 1980ల్లో యూరప్‌లో అమెరికా మధ్యశ్రేణి అణు క్షిపణులు మోహరించాలని నాటో 1979 డిసెంబరులో నిర్ణయించింది. 1982 నుంచి 1988 దాకా డెన్మార్క్‌లో ప్రభుత్వం కన్సర్వేటివ్‌లది, విదేశాంగ విషయాల్లో పార్లమెంటు మెజారిటీ ప్రతిపక్షానిది. ఆ మెజారిటీ తీర్మానాలు చేసి, నాటో ప్రకటనల అడుగున డెన్మార్క్ భిన్నాభిప్రాయాన్ని అధోసూచికగా (ఫుట్‌నోట్‌గా) రాయించేలా ప్రభుత్వాన్ని నెట్టింది. దాన్ని అక్కడ అధోసూచికల విధానం అనే పిలుస్తారు. ప్రకటన విడుదలవుతుంది, అందరి పేరూ ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో 'డెన్మార్క్ దీనికి ఒప్పుకోలేదు' అని ఉంటుంది. మిత్రదేశాలు చికాకుపడ్డాయి, అమెరికా గట్టిగా ఒత్తిడి చేసింది. డెన్మార్క్ కూటమిని వదల్లేదు, కూటమీ డెన్మార్క్‌ను వదల్లేదు. అదే డెన్మార్క్ ఆ తర్వాత అఫ్గానిస్థాన్‌లో హెల్మండ్ లాంటి గట్టి చోట పోరాడింది, తన జనాభాతో పోలిస్తే చాలా మంది సైనికులను కోల్పోయింది. ఆ దేశంలో భాగమైన గ్రీన్‌లాండ్‌ను తమకివ్వాలని ఇప్పుడు అమెరికా అధ్యక్షుడే అడగడం డేన్లకు ఎందుకంత బాధ కలిగించిందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. ఒక సభ్యుడి భూమిని మరో సభ్యుడు కోరడం డబ్బు గొడవల కోవలోకి రాదు. నన్నడిగితే ఈ కాలంలో నాటోలో వినిపించిన మాటలన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే.

బేరసారాల తగవులకు మంచి ఉదాహరణ స్వీడన్. 2022 మే 18న ఫిన్లాండ్, స్వీడన్ కలిసి దరఖాస్తు పెట్టాయి. కుర్దిష్ సాయుధ సంస్థకు ఆశ్రయమిస్తున్నారని టర్కీ అడ్డుపడింది. జూన్‌లో మాడ్రిడ్‌లో మూడు దేశాలూ ఒక అవగాహన పత్రం రాసుకున్నాయి. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న చేరింది. స్వీడన్ ఉగ్రవాద చట్టం మార్చుకుని ఇంకా వేచి చూసింది. టర్కీ పార్లమెంటు 2024 జనవరి 23న ఆమోదించింది. మూడు రోజులకే టర్కీకి ఎఫ్-16 విమానాల అమ్మకానికి అమెరికా ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. హంగరీ ఒక్కటే మిగిలింది. ఫిబ్రవరి 23న స్వీడన్ ప్రధాని బుడాపెస్ట్ వెళ్లి నాలుగు గ్రిపెన్ యుద్ధవిమానాలు అమ్మడానికి ఒప్పుకున్నారు, 26న హంగరీ పార్లమెంటు ఆమోదించింది, మార్చి 7న స్వీడన్ సభ్యదేశమైంది. ఈ దాదాపు రెండేళ్లలో టర్కీ నేత ఎర్దోగాన్, హంగరీ నేత ఓర్బాన్ అన్న ఘాటు మాటలన్నీ పక్కన పెట్టి తేదీలు మాత్రం వరసగా చూస్తే కథ బోధపడుతుంది. ఇలాంటి తగవులో ధర ఉంటుంది, ధర కుదిరితే తగవు తీరుతుంది. గ్రీన్‌లాండ్ గొడవలో అటువంటి ధర లేదు. నేను దాన్ని వేరుగా పెట్టింది అందుకే.

ఉక్రెయిన్ విషయంలో నాటో రాసిన వాక్యాలు మరీ జాగ్రత్తగా చదవాలి. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్ సదస్సులో ఉక్రెయిన్, జార్జియాలకు సభ్యత్వ కార్యాచరణ ప్రణాళిక (చేరికకు సిద్ధం చేసే మెట్టు) ఇవ్వాలని అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ కోరారు, జర్మనీ, ఫ్రాన్స్ వద్దన్నాయి. చివరికి ప్రణాళిక ఇవ్వలేదు గానీ 'ఈ దేశాలు నాటో సభ్యదేశాలవుతాయి' అని రాశారు. ఎప్పుడో లేదు, ఎలాగో లేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా రాసిన వాక్యం అది. దాని ఫలితం మాత్రం రెండు విధాలా చెడింది. రష్యాకు కోపం తెప్పించడానికి ఆ మాట సరిపోయింది, ఆ దేశాలను కాపాడటానికి సరిపోలేదు. అదే ఏడాది ఆగస్టులో జార్జియాతో రష్యా యుద్ధం జరిగింది. 2023లో విల్నియస్‌లో 'మిత్రదేశాలు అంగీకరించి, షరతులు నెరవేరినప్పుడు' ఆహ్వానించగలమని రాశారు. ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ దాన్ని అర్థరహితమని బహిరంగంగా విమర్శించారు. 2024 వాషింగ్టన్‌లో ఉక్రెయిన్ దారిని 'వెనక్కి మళ్లనిది' అన్నారు. విల్నియస్ ప్రకటన 90 పేరాలు, హేగ్ ప్రకటన అయిదే పేరాలు. ఆ అయిదింటిలో ఉక్రెయిన్‌కు సాయం గురించి ఉంది, సభ్యత్వం గురించి లేదు. ప్రకటన పొట్టిదైనప్పుడు ఏం రాశారన్నదాని కంటే, కిందటి ఏడాది ఉన్నది ఏది పోయిందో చూడాలి.

మనకు సంబంధించిన చిన్న ముచ్చట ఒకటి చెప్పి మీ పోలండ్‌కు వస్తాను. పోర్చుగల్ నాటో వ్యవస్థాపక సభ్యదేశం. గోవాలో పోర్చుగీసు పాలన సాగుతున్న రోజుల్లో నాటో అడ్డొస్తుందేమోనన్న ఆందోళన ఢిల్లీకి ఉండేది. 1955 డిసెంబరులో అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్, పోర్చుగల్ మంత్రి కున్యాతో కలిసి ఇచ్చిన ప్రకటనలో గోవాను పోర్చుగల్ 'ప్రావిన్సు'ల్లో ఒకటిగా చూసే ధోరణి కనిపించడంతో మన దేశంలో పెద్ద దుమారం రేగింది. అయితే ఒప్పందం 6వ అధికరణంలో భౌగోళిక పరిధి ఉంది: యూరప్, ఉత్తర అమెరికా, కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న అట్లాంటిక్ దీవులు వగైరా. గోవా ఆ పరిధిలోకి రాదు. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాలోకి వెళ్లినప్పుడు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ భద్రతా మండలిలో మనకు వ్యతిరేకంగా తీర్మానం తెచ్చాయి, సోవియట్ యూనియన్ వీటో చేసింది. ఆ నాలుగూ నాటో దేశాలే. పోర్చుగల్‌కు మాట సాయం దొరికింది, ఒక్క యుద్ధనౌక కూడా రాలేదు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్‌కూ ఇదే పరిధి అడ్డొచ్చింది.

ఇప్పుడు పోలండ్. 4వ అధికరణం అంటే యుద్ధ ప్రకటన కాదు. తన భూభాగానికో, స్వాతంత్ర్యానికో, భద్రతకో ముప్పుందని ఏ సభ్యదేశం భావించినా మిగతావాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించే హక్కు అది. టర్కీ చాలాసార్లు వాడింది, 2022 ఫిబ్రవరి 24న ఎనిమిది దేశాలు కలిసి వాడాయి. 5వ అధికరణం ఇప్పటికి ఒక్కసారే అమల్లోకి వచ్చింది, 2001 సెప్టెంబరు 12న, అమెరికా కోసం. ఆ తర్వాత కొన్ని నెలలు అమెరికా ఆకాశంలో నాటో నిఘా విమానాలు కాపలా తిరిగాయి. వాటి సిబ్బంది 13 దేశాలవాళ్లు. యూరప్ ఎప్పుడూ తీసుకోవడమే గానీ ఇవ్వదని ఎవరైనా అంటే ఇది గుర్తు చేయండి.

మీ దగ్గర జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. 2022 నవంబరు 15న ఉక్రెయిన్ సరిహద్దులోని ప్షెవోదూవ్ గ్రామంలో క్షిపణి పడి ఇద్దరు పోలండ్ పౌరులు చనిపోయారు. మొదటి గంటల్లో చాలామంది రష్యా అన్నారు, జెలెన్‌స్కీ గట్టిగా అన్నారు. పోలండ్ మాత్రం 4వ అధికరణం గురించి ఆలోచించి ఆగింది. మరునాడు అప్పటి సెక్రటరీ జనరల్ స్టోల్టెన్‌బర్గ్, అది ఉక్రెయిన్ వాయు రక్షణ క్షిపణి కావచ్చని, అయితే యుద్ధం మొదలుపెట్టిన రష్యాదే అంతిమ బాధ్యతని చెప్పారు. నిజం దాచలేదు, మిత్రుడిని నిందించలేదు, శత్రువుకు సందు ఇవ్వలేదు. కూటమి తరఫున మాట్లాడటం ఎలాగో నేర్చుకోవాలంటే ఆ ఒక్క రోజు మాటలు చదివితే చాలు.

2025 సెప్టెంబరులో మాటల్లో ఆ పొందిక లోపించింది. కానీ ఆ రాత్రి చేతల్లో లోపించలేదు. పోలండ్ ఎఫ్-16లతో పాటు డచ్ ఎఫ్-35లు ఆకాశంలోకి లేచాయి, ఇటలీ నిఘా విమానం తిరిగింది, జర్మనీ పేట్రియాట్ వ్యవస్థలు అప్రమత్తమయ్యాయి. నాటో విమానాలు సభ్యదేశం గగనతలంలో రష్యా డ్రోన్లను కూల్చడం అదే మొదటిసారి. సెప్టెంబరు 12 కల్లా తూర్పు సరిహద్దు కోసం కొత్త కార్యక్రమం ప్రకటించారు. ఆ రాత్రి ఎగిరిన డచ్ పైలట్ ట్రంప్ ఏమన్నారో విని ఎగరలేదు. ఆదేశాల వ్యవస్థ ముందే కట్టి ఉంది కాబట్టి ఎగిరారు.

అందుకే మీరు చూడాల్సింది మీ చుట్టూ ఉన్న ఏర్పాట్లను. ఈశాన్యాన ఓజిష్ దగ్గర అమెరికా నాయకత్వంలోని బహుళజాతి దళం 2017 నుంచి ఉంది. పోజ్నాన్‌లో అమెరికా సైన్యపు అయిదో కోర్ ముందస్తు కార్యాలయం ఉంది. రెజికోవోలో క్షిపణి రక్షణ స్థావరం పని చేస్తోంది. పోలండ్ తానే జీడీపీలో 4 శాతానికి పైగా రక్షణకు పెడుతోంది. వాషింగ్టన్‌లో ఎవరేమన్నా ఇవి ఒక్క పూటలో మాయం కావు. 2023 డిసెంబరులో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం సెనేట్‌లో మూడింట రెండొంతుల మద్దతు గానీ, చట్టసభ చేసిన ప్రత్యేక చట్టం గానీ లేకుండా అధ్యక్షుడు నాటో నుంచి తప్పుకోకూడదు. ఆ నిబంధనను తెచ్చిన ఇద్దరు సెనేటర్లలో మార్కో రూబియో ఒకరు, తర్వాత ఆయనే ట్రంప్‌కు విదేశాంగ మంత్రి అయ్యారు.

అలాగని నిశ్చింతగా ఉండమని చెప్పను. చట్టం నిష్క్రమణను ఆపగలదు, అనుమానాన్ని ఆపలేదు. 1966లో ఫ్రాన్స్ సైనిక కమాండ్ నుంచి తప్పుకుని, నాటో కార్యాలయాన్నీ అమెరికా స్థావరాలనూ తన నేల మీది నుంచి పంపేసినప్పుడు అమెరికా అధ్యక్షుడు జాన్సన్ తన వాళ్లెవరూ ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్‌ను బహిరంగంగా దూషించకుండా చూసుకున్నారు. ప్రధాన కార్యాలయం 1967లో బ్రస్సెల్స్‌కు మారింది, ఫ్రాన్స్ ఒప్పందంలో మాత్రం కొనసాగింది, 2009లో కమాండ్‌లోకి తిరిగి వచ్చింది. తలుపు దగ్గరకు వేసి ఉంచారు కాబట్టే తిరిగి రాగలిగింది. ఆ సంయమనం ఇవాళ వాషింగ్టన్‌లో తగ్గింది, యూరప్‌లో కొందరు నేతల్లోనూ తగ్గింది. 2019లో నాటో 'మెదడు చచ్చింది' అని ఫ్రాన్స్ అధ్యక్షుడు మేక్రాన్ అన్నది, సంప్రదించకుండా టర్కీ సిరియాలోకి వెళ్లడం, అమెరికా చెప్పకుండా బలగాలను ఉపసంహరించుకోవడం చూసి. ఆయన వాడిన మాట మీద అందరూ మండిపడ్డారు గానీ ఫిర్యాదులో పస ఉంది. గొంతు పెంచుకున్న తగవుల కంటే, ఒక సభ్యుడు మిగతావాళ్లకు చెప్పకుండా నిర్ణయం తీసుకున్న సందర్భాలే నన్ను ఎక్కువ కలవరపెడతాయి. 1956లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ దగ్గర బ్రిటన్, ఫ్రాన్స్ అలాగే అమెరికాకు చెప్పకుండా దిగాయి. ఆ ఏడాది చివర్లో కెనడా, నార్వే, ఇటలీ విదేశాంగ మంత్రులు ముగ్గురు రాసిన నివేదిక, ఎవరే నిర్ణయం తీసుకునే ముందైనా మిత్రులతో సంప్రదించాలనే చెప్పింది.

కాబట్టి వార్త చూసినప్పుడు నేను పట్టించుకునేవి ఇవి. మాట్లాడినవారు ఎన్నికల సభలో ఉన్నారా, మండలి గదిలో ఉన్నారా. తగవు అంకె మీదా, సభ్యుడి భూమి మీదా. ప్రకటనలో కిందటి ఏటి వాక్యం ఉందా, తీసేశారా. పోలండ్‌లో ఉన్న దళాల సంఖ్య మారితే, ఆ మార్పు మిగతా దేశాలకు ముందే తెలిసి జరిగిందా, పత్రికల్లో చూసి తెలుసుకున్నారా. 5 శాతం లక్ష్యం మీద 2029లో సమీక్ష ఉంటుందని హేగ్‌లోనే రాసుకున్నారు. ట్రంప్ పదవీకాలం 2029 జనవరిలో ముగుస్తుంది కాబట్టి ఆ సంవత్సరం యాదృచ్ఛికంగా పెట్టింది కాదని నా అభిప్రాయం. స్పెయిన్ అప్పటిదాకా 2.1 దగ్గరే నిలుస్తుందో, చప్పుడు చేయకుండా పైకి జరుగుతుందో ఆ లెక్కల్లో తేలుతుంది.